రెండు పెదాల క్లారినెట్

సాంసన్ క్లారినెట్ మొదట్లో పచ్చిమిరపకాయలా ఉండేదని అతని గురువు మల్సూర్ అంటాడు. వీధి మొదట్లో మోగితే వీధి చివర నాలుక మండేదట.

పద్నాలుగేళ్ల వయసులో నేరేడుచర్ల పక్క పల్లె నుంచి వచ్చి సూర్యాపేటలో మల్సూర్ నడిపే పెళ్లి బ్యాండులో చేరాడు సాంసన్. తండ్రి డప్పు కొట్టేవాడు. కొడుకు చేతిలో నల్లటి కొయ్య గొట్టం చూసి అటూ ఇటూ తిప్పి, "దీనికి తోలు లేదు, మంటకు కాపుడు లేదు. ఇది ఎట్ల మోగుతదిరా" అని అడిగాడు. సాంసన్ ఊదాడు. తండ్రి చెవులు మూసుకుని నవ్వాడు. ఆ నవ్వే అతనికి దొరికిన మొదటి మెప్పు.

అప్పట్లో హైదరాబాద్ నుంచి విజయవాడ పోయే రోడ్డు సూర్యాపేట నడిబొడ్డునుంచే పోయేది. పెళ్లి ఊరేగింపు ఒక అంచున, లారీలు ఇంకో అంచున. మల్సూర్ నేర్పిన మొదటి పాఠం ఒక్కటే: లారీ హారన్ కంటే ఒక మెట్టు పైన వాయించాలి. సాంసన్ పై పళ్లను ఊదే ముక్క మీద బిగించి, కింది పెదవిని బెత్తపు రీడుకు అదిమి, ప్రాణమంతా పోసి ఊదేవాడు. ఎండలో మెరిసే తీగ లాంటి శబ్దం. సన్నగా, సూటిగా, దేన్నైనా కోసుకుంటూ పోయేది.

ఇరవై నాలుగేళ్లకు పెళ్లయింది. సరోజ మిర్యాలగూడ రైస్ మిల్లులో పనిచేసేది. ఆమె కోసం సాంసన్ ఆ ఊరికి మారి, అక్కడి బ్యాండులో చేరాడు. కిరాయికి తీసుకున్న ఒంటి గదిలో కూతురు ఉషశ్రీ పుట్టింది. పాప మధ్యాహ్నం నిద్రపోతుంటే గోడవైపు తిరిగి, ఊపిరిని సగానికి తగ్గించి సాధన చేసేవాడు. ఆ సగం ఊపిరిలోనే అతనికి జారుడు అలవాటైంది. ఒక స్వరం మీద నుంచి ఇంకో స్వరం మీదికి, మడిలోంచి మడిలోకి నీళ్లు దిగినట్టు దిగడం. తండ్రి పోయిన ఏడు, ఎప్పుడూ ఇష్టపడని ఒక కింది స్వరం దగ్గర పాట ముగిస్తూ తనకు తానే దొరికిపోయాడు. ఎవరూ గమనించలేదు. శబ్దం మారడం గోళ్లు పెరగడం లాంటిది. పెరుగుతుండగా కనబడదు.

అలా ముప్పై ఏళ్లకు పైగా అతను బ్యాండు ముందు నడిచాడు. బ్యాండులో క్లారినెట్ వాయించేవాడే ముందుంటాడు. పాట ఎప్పుడు ఎత్తుకోవాలో, ఎక్కడ ఆపాలో వెనకున్న పదిమందీ అతని భుజాలు చూసి తెలుసుకుంటారు. సాంసన్ భుజం కదిలితే పెళ్లి కదిలేది.

యాభై ఏడో ఏట షుగర్ అతని చిగుళ్లను మెత్తబరిచింది. పై వరసలో ముందరి ఆరు పళ్లు ఊడాయి. దవాఖానలో కట్టుడు పళ్ల సెట్టు పెట్టారు. అన్నం తినడానికి బాగానే ఉంది. క్లారినెట్ నోట్లో పెట్టగానే ఆ సెట్టు అంగిలి మీద వణికి, పాట పక్కన ఇంకో పాట పాడడం మొదలుపెట్టింది.

కార్తీకంలో ఒకరోజు బ్యాండు యజమాని రాంచందర్ అతన్ని షాపుకు పిలిచాడు. రాంచందర్ సాంసన్ కంటే పదేళ్లు చిన్న. పక్కనే కీబోర్డు వాయించే ముఖేష్ వైర్లు చుడుతున్నాడు.

"అన్నా, కూసో. కోదాడ భాస్కర్ సేట్ యాదికున్నడా? తొంభై ఎనిమిదిల ఆయన పెండ్లికి నువ్వే వాయించినవ్."

"వడ్ల యాపారం. యాదికుండు."

"ఆయన బిడ్డ పెండ్లి, మాఘమాసంల. నా పెండ్లిల మోగిన క్లారినెట్టే నా బిడ్డ పెండ్లిల మోగాలె అంటుండు. క్యాసెట్ దాసిపెట్టుకున్నడంట. గదే చప్పుడు కావాలె, జర కూడ ఫరక్ రావద్దంట."

"గదే మనిషి వస్తడు గద."

"మనిషి కాదన్నా, చప్పుడు." రాంచందర్ తల గోక్కున్నాడు. "మొన్న హాలియా పెండ్లిల నీ పండ్ల సెట్టు తుమ్మెద లెక్క మోగింది. పెండ్లికొడుకు చెవుల పురుగు దూరిందని దులుపుకున్నడు."

ముఖేష్ వైరు చుట్టను మొహానికి అడ్డం పెట్టుకుని నవ్వాడు.

"కోదాడ పెండ్లి మంచిగైతే ముందు నువ్వే. కాకుంటే ఇగ ముఖేష్ ముందు. నువ్వు ఎనక గిలక్కాయలు పట్టుకో. కోపానికి రాకు అన్నా."

"గిలక్కాయలు నాకు రావు."

"గదేమన్న పెద్ద సదువా," అన్నాడు ముఖేష్.

"సదువే. నేను సదువలే." సాంసన్ లేచాడు. "ఆ క్యాసెట్ పాట నా ఫోన్ల ఎయ్యి."

మరునాటి నుంచి పొద్దున్నే సాగర్ ఎడమ కాలువ గట్టు మీదికి వెళ్లేవాడు. కాలువ నీళ్లు తమ పని తాము చూసుకుంటూ పోతుండేవి. ఫోన్‌లో ఇరవై ఏడేళ్ల కిందటి సాంసన్ మొదలయ్యేవాడు. ఎంత వేగం, ఎంత ఎత్తు. పాట గాలిపటంలా ఎగిరి, తెగిపోతుందేమో అనుకున్న చోట ఇంకా పైకి లేచేది. దాన్ని వింటుంటే అసూయ వేసేది. తనను చూసి తానే అసూయపడే మనిషికి ఎవరితో చెప్పుకోవాలో కూడా తెలియదు.

పళ్లు కదలకుండా అంటించుకునే పొడి తెచ్చాడు. గట్టి రీడు తెచ్చాడు. ఎంత ఊదినా క్యాసెట్ శబ్దం అతని వేళ్ల కంటే కాస్త పైనే నిలబడేది. చివరికి వడ్రంగి దగ్గరికి వెళ్లి, ఊదే ముక్క కింద ఉండే చిన్న కొయ్య గొట్టాన్ని గోరంత మందం కోయించాడు. గొట్టం పొట్టిదైతే శబ్దం పైకి లేస్తుంది. లేచింది, కానీ చాలలేదు. రెండు నెలలు గడిచాయి. చిగుళ్లు చిట్లి రీడు చివర ఎర్రబడింది. సరోజ ఆ రీడు చూసి, దాన్ని కడిగి పెట్టెలో పెట్టింది.

పెళ్లికి ఇంకో ఐదు వారాలుందనగా సాంసన్ బస్సెక్కి సూర్యాపేట వెళ్లాడు.

మల్సూర్‌కు ఎనభై రెండేళ్లు. కూరగాయల మార్కెట్ వెనక చిన్న ఇంటి ముందు నులక మంచం మీద ఉన్నాడు. ఊపిరి తగ్గి వాయించడం మానేశాడు గానీ, గొంతు మాత్రం ఇప్పటికీ బావిలోంచి వచ్చినట్టు బరువుగా ఉంటుంది. సాంసన్ సంగతంతా చెప్పి ఫోన్‌లో పాట పెట్టాడు. ముసలాయన ఫోన్‌ను చెవికి ఆనించుకుని కళ్లు మూసుకున్నాడు. కాసేపటికి తెరిచాడు.

"నడిమిట్ల ఎవడ్రా ఆ పోరడు, ఒర్రుతుండు?"

"ఎవడో పెండ్లోళ్ల పిలగాడు కావచ్చు మాస్టరు."

"మల్ల పెట్టు."

పాట మధ్యలో, క్లారినెట్ ఊపిరి తీసుకున్న చోట, సన్నటి గొంతు ఒకటి కీచుమంది. ఆడోళ్లకు తోవ ఇయ్యుండ్రి, జర పక్కకు జరుగుండ్రి.

"ఆ మాట అన్నది నేను," అన్నాడు మల్సూర్. "ఆ పెండ్లికి మీ బ్యాండుల మనిషి తక్కువైతే నేనొచ్చిన, నీ పక్కనే నడుసుకుంట అన్న. పెండ్లిల ఆ మాట ఇంకెవరంటరు? నా గొంతు గిట్ల కోడిపిల్ల లెక్క ఉండెనారా?"

సాంసన్ మూడోసారి పెట్టాడు. ఈసారి క్లారినెట్ వినలేదు, మనుషులను విన్నాడు. నవ్వేవాళ్లు, పిలిచేవాళ్లు, అందరూ పిల్లల గొంతులతో, పిచ్చుకల్లా గబగబా మాట్లాడుతున్నారు.

"సేట్ బామ్మర్ది టేప్‌రికార్డర్ పట్టుకొని మన ఎనకనే తిరిగిండు," మల్సూర్ నెమ్మదిగా గుర్తు చేసుకున్నాడు. "సెల్లులు అయిపోవస్తున్నయని దాన్ని మాటిమాటికి అరచేత్తోని కొట్టిండు."

బ్యాటరీ సెల్లులు బలహీనపడితే టేపు మెల్లగా తిరుగుతుంది. మెల్లగా తిరుగుతూ పట్టుకున్న పాటను తర్వాత మంచి కరెంటు మీద మామూలు వేగంతో తిప్పితే, పాట పరిగెడుతుంది, గొంతులన్నీ ఒక మెట్టు పైకి లేస్తాయి. ఇరవై ఏడేళ్లుగా కోదాడలో, హుజూర్‌నగర్‌లో, మిర్యాలగూడలో బ్యాండు నేర్చుకునే పిల్లలందరూ ఆ క్యాసెట్ కాపీలు పెట్టుకుని నేర్చుకున్నారు. ముఖేష్ తన కీబోర్డును ఒక మెట్టు పైకి బిగించి ఉంచేది కూడా దాని కోసమే. సాంసన్ శబ్దం అని వాళ్లందరూ వెంటాడింది ఏ నోటిలోనూ పుట్టని శబ్దం.

"దీని కోసం కొయ్య కోపిచ్చిన మాస్టరు," అన్నాడు సాంసన్.

"కొయ్యతోని ఆగినవ్, సంతోషం. నాలుక కోపిచ్చుకోలే."

సాంసన్‌కు నవ్వు రాలేదు. "క్యాసెట్ అబద్ధమైనా, అప్పటి నా చప్పుడైతే నిజం గద. అది గూడ ఇప్పుడు వస్తలేదు."

"నాకు వచ్చిందారా? ఇరవైల ఒక చప్పుడు, నలభైల ఒకటి. దమ్ము తగ్గినంక ఇంకోటి. ఒక్కటన్న ఎనకకు తిరిగి సూసిందా?" మల్సూర్ లేచి కూర్చున్నాడు. "ఆ పండ్లు తియ్యి."

"మీ ముంగటనా?"

"నా నోట్ల ఎన్నున్నయో లెక్కపెట్టు." నోరు తెరిచి చూపించాడు. ఒక్కటీ లేదు. "కడాకరి పదేండ్లు నేను ఎట్ల వాయించిన? పై పెదవిని లోపటికి మడువు. రెండు పెదాల నడుమ పెట్టుకో. కొరుకుడు బంద్ చెయ్యి. పట్టుకో, గంతే."

సాంసన్ సెట్టు తీసి రుమాలులో చుట్టాడు. రెండు పెదాలూ లోపలికి మడిచి క్లారినెట్‌ను వాటి మధ్య పెట్టుకున్నాడు. ఊదితే మొదట గాలే వచ్చింది. తర్వాత గాలికి కొంచెం రంగు వచ్చింది. ఆ తర్వాత ఒక స్వరం. దానికి అంచు లేదు. తడిసిన నల్లరేగడి మీద ఉత్త కాలు పెట్టినట్టు, మెత్తగా దిగి అక్కడే ఆగింది. మార్కెట్‌లో ఉల్లిగడ్డలు బేరమాడే గొంతుల కింద నుంచి ఆ స్వరం పాకుతూ పోయింది.

"గది ఎవరిదిరా?" అన్నాడు మల్సూర్.

"తెల్వదు మాస్టరు."

"నీదే. పోయి తెలుసుకో."

తెలుసుకోవడం తేలిక కాలేదు. పై పెదవి బరువు మోయదు. పది నిమిషాలకే కుడి బొటనవేలు లాగేసేది. ఉషశ్రీ ఇంజనీరింగ్ కాలేజీలో చదివినప్పటి ఐడీ కార్డు పట్టీని క్లారినెట్‌కు కట్టి మెడలో వేసుకున్నాడు. కోయించిన గొట్టం దగ్గర దారం చుట్టి, కీలును కాస్త బయటికి లాగి, పోయిన గోరంత పొడవును తిరిగి తెచ్చుకున్నాడు. మొదటి వారం ఒక పాట సగం వరకు. రెండో వారం పాట మొత్తం. మూడో వారం నడుస్తూ వాయించాడు. కాలువ గట్టు మీద మైలురాయి నుంచి తూము దాకా, తూము నుంచి మైలురాయి దాకా.

ఒక ఆదివారం ప్రార్థనకు వెళ్లొచ్చి ఇంట్లో వాయిస్తుంటే సరోజ వంటగదిలోంచి బయటికొచ్చింది.

"ఏందది?"

"నేనే. కోదాడ పాట."

ఆమె గుమ్మానికి ఆనుకుని పాట అయిపోయేదాకా నిలబడింది. "ఇనొస్తుంది," అంది.

ముప్పై ఏళ్లు మిల్లు యంత్రాల పక్కన నిలబడిన ఆడవాళ్ల చెవుల్లో ముందుగా పోయేవి సన్నటి శబ్దాలే. సరోజ చెవి ఎప్పుడో వాటిని వదిలేసిందని సాంసన్‌కు అప్పుడే తెలిసింది.

"మరి ఇన్నేండ్లు మంచిగుంది మంచిగుంది అన్నవ్?"

"ఏండ్లెంబడి నీ చేతి వేళ్లు ఆడేది సూసిన. సూడ మంచిగనే ఉండె."

అతను చాలాసేపు నవ్వాడు. నవ్వు ఆగాక పాట మళ్లీ మొదటి నుంచి వాయించాడు. ఈసారి ఆమె కూర్చుంది.

ఇంకో చిక్కు మిగిలింది. ఈ శబ్దం మీద బ్యాండు డ్రమ్ము పడితే వాన కింద దీపమే. డ్రమ్ము కొట్టే దస్రు దామరచర్ల దగ్గరి తండా మనిషి, ముప్పై ఏళ్ల స్నేహితుడు. సాంసన్ అతని చేతిలో ఒక తువ్వాల పెట్టాడు.

"నేను ఎత్తుకున్నప్పుడు ఇది డ్రమ్ము మీద కప్పు."

"ఎందుకే, డ్రమ్ముకు సలిపెడ్తుందా?" అన్నాడు దస్రు. "పెండ్లి అనుకుంటున్నవా, సావు అనుకుంటున్నవా?"

"నిన్ను మెల్లగ కొట్టుమంటలేను. నన్ను ఇనుకుంట కొట్టుమంటున్న."

దస్రు తువ్వాల వైపు, అతని బోసి నోటి వైపు చూశాడు. "ముప్పై ఏండ్ల సంది నీ భుజాలు సూసుకుంటనే కొడుతున్న. ఇప్పుడు నోరు గూడ సూడాల్నా," అంటూనే తువ్వాల భుజాన వేసుకున్నాడు.

పెళ్లికి వారం ముందు సాంసన్ కోదాడ వెళ్లి భాస్కర్ సేట్‌కు ఉన్నదున్నట్టు చెప్పాడు. అప్పటి శబ్దం రాదన్నాడు. సెల్లుల సంగతి చెప్పాడు. సేట్ మచ్చుకు తెచ్చిన ధాన్యంలోంచి నాలుగు గింజలు తీసి నలుపుతూ విన్నాడు.

"అదేంటి సాంసన్, నా పెళ్లి పాట నాకు తెలీదంటావా? ప్రతి పెళ్లిరోజుకీ పెట్టుకుని వింటానయ్యా."

"ఇనుండ్రి సేట్. నడిమిట్ల మనుషుల గొంతులు గూడ ఇనుండ్రి."

"అవన్నీ నాకెందుకు? నా చెవిలో ఉన్నది కావాలి."

"మీ చెవుల ఉన్నదాన్ని నేను వాయించలేను సేట్. నా దగ్గర ఉన్నది వాయిస్త. వద్దంటే ఇప్పుడే చెప్పుండ్రి, రాను."

సేట్ గింజలు కింద పడేశాడు. చేతులు దులుపుకుని, "సరే, రా. చూద్దాం," అన్నాడు. ఆ చూద్దాంలో మొహమాటం తప్ప ఇంకేం లేదని సాంసన్‌కు తెలుసు. వస్తానన్నాడు.

మాఘమాసం, కోదాడ హైవే పక్కన ఫంక్షన్ హాలు. ఉదయం తొమ్మిదికి ఎదురుకోలు. మగపెళ్లివాళ్లు గేటు దగ్గర ఆగుతారు, ఆడపెళ్లివాళ్లు బ్యాండుతో ఎదురెళ్లి తీసుకొస్తారు. భాస్కర్ సేట్ దండ పట్టుకుని నిలబడ్డాడు. పక్కన పెళ్లికూతురు హారిక పిన్నులూ అత్తలూ. సాంసన్ వరస ముందుకొచ్చి, అందరూ చూస్తుండగానే పళ్ల సెట్టు తీసి యూనిఫాం జేబులో పెట్టుకున్నాడు. ఆడవాళ్లలో ఎవరో నవ్వారు. సేట్ మొహం ముడుచుకుపోయింది.

సాంసన్ భుజం కదిలింది. దస్రు తువ్వాల కప్పాడు. పాట మొదలైంది.

ముందు రెండు వరసల్లో ఉన్నవాళ్లకు వినిపించింది. గేటు దగ్గరివాళ్లకు లేదు. మగపెళ్లివాళ్ల కుర్రాడొకడు, "బ్యాండు మొదలెట్టండి బాబూ, ఇక్కడే ముసలాళ్లమవుతాం," అని కేక పెట్టాడు. నవ్వులు లేచాయి. హైవే మీద లారీ ఒకటి పొడుగ్గా హారన్ కొడుతూ పోయింది. సాంసన్ దాని పైకి ఎక్కడానికి ప్రయత్నించలేదు. అది పోయేదాకా దాని కిందనే నడిచాడు.

పక్కన నిలబడ్డ రాంచందర్‌కు చెమట పట్టింది. ముఖేష్‌కు సైగ చేశాడు. ముఖేష్ ట్రాలీ మీది కీబోర్డు నొక్కాడు. అదే పాట, ఒక మెట్టు పైన. రెండు పాటలూ ఒకదాన్నొకటి గీరుకున్నాయి. పళ్లెం మీద మేకుతో గీసినట్టుంది. పిల్లలు చెవులు మూసుకున్నారు.

సాంసన్ ఆగలేదు, వెనక్కి తిరగలేదు. ఆగితే ముందు చోటు పోతుంది. గట్టిగా ఊదితే ఐదు వారాల పెదవి పోతుంది. అదే ఊపిరితో, అదే అడుగుతో నడిచాడు. ఒక చరణం అయింది. వెనక దస్రు డ్రమ్ము అతన్నే అంటిపెట్టుకుని ఉంది, పక్క పాట వైపు ఒక్క దెబ్బ కూడా పోలేదు. మిగతావాళ్లు ఆ డ్రమ్మునే పట్టుకున్నారు. కీబోర్డు ఒక్కటే విడిగా మిగిలింది. కాసేపటికి ముఖేష్ వేళ్లు తీశాడు.

ఆ ఖాళీలో క్లారినెట్ వినిపించింది. గేటు దగ్గరివాళ్లు వినడానికి రెండడుగులు ముందుకొచ్చారు. ఇటువాళ్లు రెండడుగులు వేశారు. మధ్యలో దూరం సగానికి సగం తగ్గిపోయింది. ముఖేష్ కీబోర్డు మీద ఒక బటన్ నొక్కి మెట్టు దించి, రెండో చరణంలో సాంసన్ వెనకాల, చప్పుడు తగ్గించి చేరాడు.

ఎదురుకోలు అయ్యాక భాస్కర్ సేట్ అతని దగ్గరికి వచ్చాడు.

"నా పెళ్లి పాట ఇది కాదయ్యా."

"కాదు సేట్."

"నువ్వు చెప్పాక ఆ క్యాసెట్ మళ్లీ విన్నాను. మా అమ్మ గొంతు ఉందందులో. చిన్నపిల్ల గొంతులా ఉంది. ఇన్నేళ్లూ అది అమ్మనని పోల్చుకోలేదు." సేట్ భుజం మీది కండువా సర్దుకున్నాడు. "ఇది బాగానే ఉంది. కానీ అది కాదు. నాకు అదే కావాలనిపిస్తోంది."

"అట్ల అనిపిస్తది సేట్. నాకు గూడ అనిపించింది, రెండు నెలలు."

సేట్ తలూపి లోపలికి వెళ్లిపోయాడు. మెచ్చుకున్నాడో లేదో సాంసన్‌కు తెలియలేదు. అడగలేదు.

మధ్యాహ్నం భోజనాలయ్యాక బారాత్ ఊరేగింపుకు ట్రాలీ సిద్ధం చేస్తుండగా రాంచందర్ వచ్చాడు.

"అన్నా, పొద్దున మంచిగనే అయింది. బారాత్ వేరు గద. పోరగాండ్లు ఎగురుతరు. ముఖేష్‌ను ముందు పెడుదామనుకుంటున్న."

సాంసన్ పట్టీ మెడలో వేసుకుని కీలు దగ్గరి దారం సరిచూసుకున్నాడు. "పెట్టుకో. నేను ఆని ముంగట నడుస్త."

"గట్లెట్ల అన్నా?"

"గట్లనే. ఎగిరే పాట ఆడు ఎత్తుకుంటడు, నేను ఆగుత. నేను ఎత్తుకున్నప్పుడు ఆడు తగ్గుతడు. చోటు మాత్రం నాదే. నీకు కుదరదంటే ఇక్కన్నే చెప్పు, బస్టాండు దగ్గరనే ఉంది."

రాంచందర్ ముఖేష్ వైపు చూశాడు. ముఖేష్ కీబోర్డు మీది దుమ్ము తుడుస్తున్నాడు. తలెత్తకుండానే, "స్కేల్ ఏంది అన్నా?" అని అడిగాడు. అడిగింది రాంచందర్‌ను కాదు.

సాంసన్ రెండు పెదాల మధ్య క్లారినెట్ పెట్టుకుని ఒకే ఒక్క స్వరం ఊదాడు. ముఖేష్ ఒక మీట నొక్కాడు, కుదరలేదు. పక్క మీట నొక్కాడు. సాంసన్ స్వరం ఆపకుండా ముఖేష్ దాన్ని వెతుక్కునేదాకా ఓపిగ్గా పట్టి ఉంచాడు. దొరికింది. వెనక పదిమందీ వాయిద్యాలు ఎత్తి, సాంసన్ భుజాల వైపు చూశారు.